వరండా బడి: ఏనుగులు తిరిగే ఊళ్ళో పిల్లల చదువు, మీ ప్రశ్నలు

పోయిన నెల మా కసానే గురించి, వరండాలో చాప పరిచి సాగించే మా పిల్లల చదువు గురించి రాశాక ఉత్తరాలు గట్టిగానే వచ్చాయి. కొందరికి కుళ్ళు, కొందరికి కోపం, ఒకాయనకి రెండూ. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకుంటున్నాను. మొదటిసారి చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు: ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో బోట్స్వానా అనే దేశం ఉంది, దాని ఉత్తరపు కొసన చోబే నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు కసానే. అవతలి గట్టు నమీబియా. ఊరిని ఆనుకునే చోబే నేషనల్ పార్కు, దానికి కంచె లేదు. అందుకని ఏనుగులకి దాహమేస్తే మా ఊరి మీదుగానే నదికి దిగుతాయి. ఏ దేశంలోనూ లేనన్ని ఏనుగులు, సుమారు 1,30,000, ఈ ఒక్క దేశంలో ఉన్నాయి. మనుషులేమో సుమారు పాతిక లక్షలే.

ప్రశ్న: అక్కా, మావారికి కసానేలో ఒక హోటల్లో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. పాపకి పదేళ్ళు, బాబుకి ఏడు. కొన్నాళ్ళు ఇంట్లోనే చదివించుకుందాం అనుకుంటున్నాం. అక్కడ పిల్లలు బయట ఆడుకోవచ్చా? రోజు ఎలా గడుస్తుంది? దాచకుండా చెప్పండి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక అమ్మ, ఖమ్మం)

జవాబు: ఆడుకోవచ్చు చెల్లీ, మావాళ్ళు రోజూ ఆడుతూనే ఉన్నారు. కాకపోతే పొద్దు వాలిందంటే గుమ్మం దాటేది లేదు. చీకటి పడ్డాక ఇంటి ముందున్న కారు దాకా వెళ్ళాలన్నా ముందు పెద్దవాళ్ళెవరో ఒకరు టార్చి వేసి చుట్టూ చూడాలి, ఆ తర్వాతే పిల్లలు కాలు బయట పెట్టాలి. ఎందుకంటే మన ఇంటి ముందు గడ్డి పచ్చగా ఉందనుకో, దాన్ని మేయడానికి నదిలోంచి హిప్పో వచ్చి నిలబడి ఉండొచ్చు. పగలంతా నీళ్ళలో బద్ధకంగా పడుకుని కనిపించే ఆ జంతువు రాత్రయితే ఒడ్డెక్కి 40 కిలోల దాకా గడ్డి లాగిస్తుంది, మనిషి కంటే వేగంగా పరుగెత్తుతుంది, దానికీ నీళ్ళకీ మధ్యలో మనం అడ్డంగా ఉన్నామంటే చాలు, బెదిరిపోయి మీదికొస్తుంది. హిప్పోలు నడిచే దారిని పిల్లలకి మొదటి వారంలోనే చూపించాలి. చూడ్డానికి మామూలు కాలిబాటలాగే ఉంటుంది గానీ పక్కపక్కనే రెండు సన్నటి చాళ్ళు, వాటి నడుమ గడ్డి మొలిచిన గట్టు కనిపిస్తాయి, లావుపాటి ఒంటికి అటొక కాలు ఇటొక కాలు కదా. ఆ బాట కనిపిస్తే వెనక్కి తిరగడమే.

నది ఒడ్డు సంగతి ఇంకా తేలిక: అసలు వెళ్ళొద్దు. మొసళ్ళున్నాయి, ఇసుకలో కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవడం అనే సరదా ఇక్కడ లేదు. ఈ ఖండంలో చాలాచోట్ల నిదానంగా పారే నీళ్ళలో నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా జబ్బు కూడా ఉంటుంది, దాని క్రిములు చర్మంలోంచే లోపలికి దూరతాయి. ఈత నేర్పాలంటే ఈతకొలనులోనే.

ఇక మిగిలినవి రోజువారీ అలవాట్లు. బూట్లు వేసుకునే ముందు తిరగేసి దులపాలి, తేళ్ళుంటాయి. చేతిలో తినే వస్తువు పట్టుకుని పెరట్లో తిరగకూడదు, బబూన్లు లాక్కుంటాయి. బబూన్ అంటే మన కోతి కాదు తల్లీ, కుక్కమూతి, పెద్ద కోరలు, మగది పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. పక్కకి జరిపే కిటికీని అది ఎలా తీస్తుందో మా వంటింట్లో చూశాను. అద్దానికి అరచెయ్యి ఆనించి, మనలాగే పక్కకి నెట్టి, లోపలికి చెయ్యి పెట్టి బ్రెడ్ పాకెట్ అందుకుని నీళ్ళ ట్యాంకు మీదికెక్కి కూర్చుంది. అక్కడ తాపీగా కవరు చించి, అంచు ముక్కలు కింద పడేసి మధ్యవి తింది. మా చిన్నాడు కూడా అంచులు తినడు, 'చూశావా, నేనొక్కణ్ణే కాదు' అన్నాడు. ఆ రోజు నుంచి ఆ కిటికీకి గొళ్ళెం.

మా బడి సూర్యోదయానికే మొదలవుతుంది. అక్టోబరులో మధ్యాహ్నం 40 డిగ్రీలకి పోతుంది, ఆ వేడిలో కూడికలు కూడా రావు. లెక్కలు, ఇంగ్లీషు పొద్దున్నే అయిపోతాయి, పదింటికి ఆట, ఎండ ముదిరాక లోపల ఫ్యాను కింద చదవడం, తెలుగు రాయడం. మధ్యలో గడ్డిలోకి వార్ట్‌హాగ్‌లు వస్తాయి, మొహం మీద బుడిపెలు, కోరలు ఉన్న అడవి పందులు. ముందు మోకాళ్ళ మీద వంగి, సాష్టాంగం చేయబోతున్నట్టు కూర్చుని మేస్తాయి. అవి వస్తే పుస్తకం మూయనివ్వను, కానీ తల ఎత్తి చూడొద్దని కూడా అనను. మా పాప ఒకసారి బొరియలోకి అవి వెనక్కి వెనక్కి దూరుతున్నాయని కనిపెట్టింది. మూతి, కోరలు గుమ్మం వైపు ఉంటే శత్రువు వచ్చినా ఎదుర్కోవచ్చు మరి. నేను చెప్పి ఉంటే ఆ సంగతి రెండో రోజుకి మర్చిపోయేది.

చెట్ల మీద వర్వెట్ కోతులుంటాయి, నల్లమొహం, బూడిదరంగు ఒళ్ళు. వీటి గురించి కెన్యాలోని అంబోసెలీలో పరిశోధకులు చేసిన పని 1980లో అచ్చయింది: చిరుతని చూస్తే ఒక అరుపు, గద్దని చూస్తే ఒకటి, పాముని చూస్తే వేరొకటి. గద్ద అరుపు వినబడితే కోతులు పైకి చూసి పొదల్లో దూరతాయి, పాము అరుపుకి నిలబడి కింద గడ్డిలోకి చూస్తాయి. పిల్లలకి ఇది భలే ఆట. మాకు మాత్రం ఆటే కాదు, కోతులన్నీ ఒక్కసారిగా కిందికి చూస్తూ గోల పెడుతున్నాయంటే అటు వైపు బంతి పోయినా తెచ్చుకోవడం లేదు.

నువ్వు అడగని ఒక మాట చెప్తాను. మీ బాబుకి ఏడేళ్ళంటున్నావు. 'ఆగు' అంటే ఎందుకని అడక్కుండా ఆగడం వచ్చా? ఇక్కడికి వచ్చేలోపు అది అలవాటు చెయ్యి. ఎక్కాలు తర్వాత నేర్చుకోవచ్చు.

ప్రశ్న: అమ్మాయ్, మా అబ్బాయి కుటుంబం జింబాబ్వేలో విక్టోరియా ఫాల్స్ ఊళ్ళో ఉంటారు. మనవరాళ్ళు వీడియో కాల్ చేసి 'నానమ్మా, వెనకాల ఏనుగు చూడు' అని కిలకిలా నవ్వుతారు. నాకు ఆ పూట అన్నం సహించదు. కోడలికి చెప్తే 'ఇక్కడ మామూలే అత్తయ్యా' అంటుంది. మామూలేనా? (ఒక నానమ్మ, తెనాలి)

జవాబు: పిన్నిగారూ, మీ కోడలు అబద్ధం చెప్పడం లేదు. ఆ ఊళ్ళో కూడా మా ఊళ్ళోలాగే ఏనుగులు రోడ్డు దాటుతాయి, కాయలు పండిన చెట్లకోసం ఇళ్ళ మధ్యకి వస్తాయి. పెద్ద ఏనుగుకి రోజుకి 150 కిలోల మేత కావాలి, పాపం అది రోజంతా తిండి వేటలోనే ఉంటుంది, మన పిల్లల మీద దానికి పనిలేదు. అలాగని ముచ్చటగా చూస్తూ కూర్చోమని కూడా చెప్పను, దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నారు. ఎక్కువగా చీకట్లో నడుస్తూ ఎదురుపడ్డవాళ్ళు, లేకపోతే ఫోటో కోసం దగ్గరికి వెళ్ళినవాళ్ళు.

ఈసారి కాల్ వచ్చినప్పుడు ఏనుగుని కాదు, పిల్లల్ని చూడండి. వాళ్ళకీ ఏనుగుకీ మధ్య గోడో, గ్రిల్లో, కారో ఉందా? వాళ్ళు వెంటనే లోపలికి పోయేలా ఇంటి తలుపు తెరిచి ఉందా? ఉంటే సరే. పెరట్లో బయట నిలబడి మాట్లాడుతుంటే మాత్రం నవ్వకండి, 'లోపలికి పొండి, అప్పుడే మాట్లాడతా' అని కాల్ పెట్టేయండి. నానమ్మ అలిగిందంటే రెండోసారి చేయరు, కోడలి మాట కంటే మీ అలక బాగా పని చేస్తుంది. ఇంకోటి గమనించండి, ఏనుగు చెవులు రెండూ బారుగా చాచి, తల ఎత్తి, ఎదురుగా నిలబడి చూస్తుంటే అది వీళ్ళని పట్టించుకుందని అర్థం. చెవులు నిదానంగా ఊపుకుంటూ మేస్తుంటే ఒళ్ళు చల్లబరచుకుంటోంది. పక్కన పిల్ల ఏనుగు ఉందంటే ఇంకా దూరం. 22 నెలలు మోసి కన్న బిడ్డ, ఏ తల్లయినా ఊరుకుంటుందా చెప్పండి.

పిల్లలతో ఉత్తి భయం మాటలే ఎందుకు, ఒక పని అప్పజెప్పండి. మన ఏనుగుకి తొండం చివర వేలులాంటిది ఒకటే ఉంటుంది, అక్కడి ఏనుగుకి రెండుంటాయి. ఆ రెండింటితో అది కాయని ఎలా పట్టుకుంటుందో కిటికీలోంచి చూసి మీకు చెప్పమనండి. బొమ్మ గీసి పంపమనండి. దూరం నుంచి చూడాల్సిన పని పెడితే దగ్గరికి పోవాలన్న యావ తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ వ్యాసం సరదాగా ఉంది, కాదనను. కానీ పందిని చూడటం, కోతిని చూడటం చదువెలా అవుతుంది? రేపు పదో తరగతి పరీక్ష ఎవరు రాస్తారు? పిల్లల భవిష్యత్తుతో ఆటలాడుతున్నారని నా అభిప్రాయం. (ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: మాస్టారూ, మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. రాత్రి ఏనుగులు వెళ్ళాయంటే తెల్లారి మా గేటు బయట ఇసుకలో అడుగులుంటాయి. ముందుకాలి అడుగు గుండ్రంగా, వెనకకాలిది కాస్త కోలగా ఉంటుంది, చాలాసార్లు వెనకది ముందుదాని మీదే పడి చెరిపేస్తుంది, అందుకని మంచి ముందడుగు వెతుక్కోవాలి. అరికాలి మీది పగుళ్ళు కూడా ఇసుకలో అచ్చుపడతాయి, బీట వారిన చెరువు మట్టిలా. దాని అంచు వెంట పురికొస పరిచి, ఆ పురికొసని స్కేలుతో కొలుస్తారు పిల్లలు. ముందుకాలి చుట్టుకొలతని రెట్టింపు చేస్తే భుజం దగ్గర ఏనుగు ఎత్తు సుమారుగా వస్తుంది. చుట్టుకొలత 130 సెంటీమీటర్లు వస్తే ఎత్తు దాదాపు 2.6 మీటర్లన్నమాట. ఆ ఎత్తున గోడ మీద సుద్దతో గీత గీసి, దాని పక్కన వాళ్ళు నిలబడి చూసుకుంటారు. పురికొస లేకుండా స్కేలు మాత్రమే ఇచ్చి కొలవమంటే వ్యాసం కొలిచి 3.14తో గుణించాలని మా పాపే అడిగి తెలుసుకుంది. పై (π) విలువ ఎందుకో అడిగిన పిల్లలు మీ సర్వీసులో ఎంతమంది?

పోనీ సాంఘికశాస్త్రం. మా ఊరికి ఎదురుగా నదిలో ఒక దీవి ఉంది. ఇక్కడివాళ్ళు సెడుడు అంటారు, నమీబియా వాళ్ళు కసికిలి అంటారు. 1890లో బ్రిటన్, జర్మనీ కూర్చుని రాసుకున్న ఒప్పందంలో సరిహద్దు ఈ నది ప్రధాన పాయ వెంట పోతుందని ఉంది. చిక్కేమిటంటే దీవికి అటొక పాయ, ఇటొక పాయ. ఏది ప్రధానం? రెండు దేశాలూ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళాయి, లోతు, వెడల్పు, ప్రవాహం అన్నీ చూసి ఉత్తరపు పాయే ప్రధానమని 1999లో తీర్పొచ్చింది, దీవి బోట్స్వానాకి దక్కింది. ఆ తీర్పు సంగతి పిల్లలకి చెప్పేముందు వాళ్ళని పడవ మీద తీసుకెళ్ళి, రెండు పాయలూ చూపించి, 'మీరైతే ఎలా తేలుస్తారు' అని అడిగాను. పాప లోతు అంది. చిన్నాడు ఎక్కువ హిప్పోలు దేంట్లో ఉంటే అది అన్నాడు. వాదన మూడు రోజులు నడిచింది. ఈలోగా మా కళ్ళముందే ఏనుగుల మంద తొండాలు పైకెత్తి ఈదుకుంటూ ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి పోయింది, పాస్‌పోర్టు అడిగేవాళ్ళు లేరు.

కాస్త దూరంలో కజుంగులా వంతెన. 2021లో తెరిచారు, పొడవు 923 మీటర్లు, బోట్స్వానా నుంచి జాంబియాకి. తిన్నగా కడితే పోయేదానికి విల్లులా వంచారు, ఎందుకంటే జింబాబ్వే భూభాగం తగలకూడదు. మ్యాపులో గీత చూసి సరిహద్దు అంటే ఏమిటో చెప్పడం వేరు, వంకర వంతెన మీద కారులో పోతూ చెప్పడం వేరు.

ఇక మీ అసలు ప్రశ్న, పరీక్ష. దారులున్నాయి మాస్టారూ. మన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ద్వారా 14 ఏళ్ళు నిండినవాళ్ళు పదో తరగతికి కట్టొచ్చు. పదో తరగతి స్థాయి కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ పరీక్షలు ప్రైవేటుగా రాయొచ్చు, ప్రైవేటు అభ్యర్థుల్ని తీసుకునే సెంటరు ముందుగా చూసుకోవాలి, ప్రాక్టికల్స్ ఉన్న సబ్జెక్టులకి సెంటరు దొరకడమే కష్టం. మధ్యలో ఇండియా వచ్చేస్తే, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తోంది. ఇంటి చదువుకి నియమాలు మాత్రం దేశానికో తీరు. దక్షిణాఫ్రికాలో అయితే విద్యాశాఖ దగ్గర పిల్లల పేరు నమోదు చేయించాల్సిందే. వెళ్ళే దేశంలో ఏముందో పర్మిట్ పనులప్పుడే కనుక్కోవాలి.

మీతో ఒప్పుకునేది కూడా ఉంది. వరండాలో ల్యాబ్ లేదు, ముప్పైమందితో కలిసి కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగడం లేదు, గడియారం పెట్టుకుని మూడు గంటలు పరీక్ష రాసే ఓపిక లేదు. ఇవి ఏనుగులు నేర్పవు. అందుకే హైస్కూలు వయసుకి మావాళ్ళని బడిలోనే వేస్తాం. అయిదారేళ్ళు ఇలా పెరిగినందుకు వాళ్ళ భవిష్యత్తు పాడవుతుందని మాత్రం నేను అనుకోవడం లేదు.

ప్రశ్న: ఆంటీ, మీరు సింహాన్ని దగ్గరగా చూశారా? అన్నిటికంటే డేంజర్ ఏది? నేను అక్కడికొస్తే ముంగిసని పెంచుకోవచ్చా? (ఆరో తరగతి కుర్రాడు, నెల్లూరు)

జవాబు: చూశాను బాబూ, పార్కులో, జీపులోంచి. నిద్రపోతోంది. సింహం రోజులో ఎక్కువసేపు చేసే పని అదే, నువ్వు సెలవుల్లో చేసేదే. ఇంటి దగ్గర మాత్రం చూడటం కంటే వినడమే ఎక్కువ. రాత్రి గాలి లేనప్పుడు దాని గర్జన 8 కిలోమీటర్ల దాకా వినబడుతుందట, అంచేత పక్క గదిలో ఉన్నట్టనిపించినా ఎక్కడో నదికి అవతల ఉండొచ్చు.

డేంజర్ అంటే నువ్వు సింహం, మొసలి అనుకుంటున్నావు కదా. దోమ. నిజంగానే. ఆఫ్రికాలో మలేరియాతో పోయే ప్రాణాల ముందు అడవి జంతువులు చంపేది ఏ మూలకీ రాదు. మా వైపు నవంబరు నుంచి జూన్ దాకా మలేరియా కాలం, ఆ దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది, కాబట్టి మావాళ్ళకి చీకటి పడగానే పొడుగు చేతుల చొక్కాలు, పడుకునేటప్పుడు దోమతెర. దోమ తర్వాత రాత్రిపూట రోడ్డు. ఆవులు, గాడిదలు, ఏనుగులు అన్నీ తారు మీదే నిలబడతాయి, ఏనుగు బూడిదరంగు చీకట్లో కలిసిపోతుంది, హెడ్‌లైట్లలో కళ్ళు కూడా మెరిసే ఎత్తులో ఉండవు. సింహం వంతు ఆ తర్వాతెప్పుడో.

ముంగిసని పెంచుకోకూడదు. ఇక్కడి చారల ముంగిసలు ఇరవై ముప్పై కలిసి గుంపుగా వస్తాయి, కిచకిచలాడుతూ పెరడంతా తవ్వుతాయి, చూస్తే ఎత్తుకోవాలనిపిస్తుంది. కానీ వాటికి క్షయలాంటి జబ్బు వస్తుంది. ఆ క్రిమిని మా చోబే వైపు ముంగిసల్లోనే కనిపెట్టి 2010లో ప్రకటించారు. ఒంటి వాసన పూసి గుర్తులు పెడతాయి చూడు, ఆ వాసనలోంచే ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుతుందట. అందుకని మావాళ్ళకి కళ్ళతో చూసే హక్కే ఉంది, చేతులతో లేదు. రేబిస్ భయం సరేసరి.

నీకు నచ్చేది ఇంకోటి చెప్తాను. నోట్లు నకిలీవో కాదో చూసే ఊదారంగు టార్చి ఉంటుందే, దాన్ని రాత్రి వరండా మెట్ల మీద వేస్తే తేళ్ళు పచ్చగా మెరుస్తాయి. రాయి సందులో ముడుచుకున్నది కూడా దాక్కోలేదు. మెరిసినదాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే చూడాలి: కొండి తోక లావుగా, ముందు పట్టుకార్లు సన్నగా ఉంటే విషం ఎక్కువ రకం. పట్టుకార్లు బొద్దుగా, తోక సన్నగా ఉంటే మామూలుగా కాస్త నయం. మా చిన్నాడు నోటుబుక్కులో రెండు కాలమ్‌లు గీసి లావు తోక, సన్న తోక అని గీతలు పెడతాడు. నాన్న పక్కన లేకుండా టార్చి ముట్టుకోకూడదనేది ఒప్పందం.

ఏనుగు లద్దె దగ్గర పేడపురుగులు ఉంటాయి. అవి లద్దెని ఉండ చుట్టి, తలకిందులుగా నిలబడి వెనకకాళ్ళతో తోసుకుంటూ తిన్నగా పోతాయి, లేకపోతే పక్క పురుగు లాక్కుంటుంది. రాత్రి చంద్రుడు లేనప్పుడు కూడా తిన్నగా ఎలా పోతున్నాయో తెలుసుకోవాలని మారీ డాకె అనే స్వీడన్ శాస్త్రవేత్త, ఆమె జట్టూ దక్షిణాఫ్రికాలో వాటి నెత్తిన చిన్న చిన్న అట్ట టోపీలు పెట్టారు. పైన ఆకాశం కనబడకపోయేసరికి పురుగులు దారి తప్పి వంకరలు తిరిగాయి. జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలోకి తీసుకెళ్ళి చూస్తే, పాలపుంత గీత కనబడితే చాలు తిన్నగా పోయాయి. ఇది 2013లో వచ్చింది. నువ్వు టోపీ పెట్టాలని చూడకు, మీ ఊళ్ళో కూడా పేడపురుగులున్నాయి, ఉత్తినే కూర్చుని ఎటు దొర్లిస్తున్నాయో చూడు.

ప్రశ్న: మేం నైరోబీలో అపార్టుమెంటులో ఉంటాం. బాబుని ఇంట్లోనే చదివిస్తున్నాం. వారాంతాల్లో పార్కుకి తీసుకెళ్తే సింహం వెనకాల ఊరి భవనాలు కనిపిస్తాయి, ఫోటోలు అదిరిపోతాయి. కానీ వాడికి ఒక్క స్నేహితుడు లేడు. మీ పిల్లలకి ఎవరున్నారు? (ఒక తండ్రి, నైరోబీ)

జవాబు: తమ్ముడూ, జంతువుల గురించి ఇన్ని ఉత్తరాలొచ్చాయి, మనుషుల గురించి అడిగింది నువ్వొక్కడివే. ఇది మన తెలుగు కుటుంబాలు చాలామటుకు చేసే పనే, ఖండం దాటి వచ్చి ఏనుగుల్ని చూస్తారు, పక్కింటి పిల్లాడి పేరు తెలియదు. గేటు, గార్డు, మన పచ్చడి, మన సీరియల్. పిల్లాడికి ఈ దేశమంటే జీపు కిటికీ.

మావాళ్ళకి స్నేహితులు సాయంత్రం ఫుట్‌బాల్లో దొరికారు, అంతా ఇక్కడి బడుల పిల్లలే. మొదట నేర్చుకున్నది పలకరింపు. 'దుమెలా మ్మా', 'దుమెలా రా' (ఇక్కడి భాషలో నమస్కారం అమ్మా, నమస్కారం అయ్యా) అని పెద్దవాళ్ళని ముందు పలకరించకుండా షాపులో పెన్సిలు అడిగినా మర్యాద కాదు. ఎవరైనా ఏదైనా ఇస్తే కుడిచేత్తో, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి తీసుకోవాలి. మన ఊళ్ళో అమ్మమ్మ నేర్పే మర్యాదకి ఇదేమీ దూరం కాదు, పిల్లలకి వెంటనే పట్టుబడింది. అడుగుజాడల సంగతి, ఏ పొదలో ఏముంటుందన్న సంగతి మావాళ్ళకి చెప్పింది నేను కాదు, ఆ ఫుట్‌బాల్ పిల్లలు.

ఇంకోటి కూడా వాళ్ళవల్లే తెలిసింది. మన పిల్లలు వరండాలోంచి ఏనుగుని చూస్తే సాహసం అని వ్యాసాలు రాస్తాం, నేనూ రాశాను. ఈ దేశంలోనే ఉన్న ఒకవాంగో నది డెల్టాకి ఎగువన ఉన్న ఊళ్ళలో మనుషులెంతమందో ఇంచుమించు ఏనుగులూ అన్ని. అక్కడి పిల్లలు ఆ ఏనుగుల దారులు దాటుకుంటూ కాలినడకన బడికి పోవాలి. మనకి సాహసం, వాళ్ళకి హాజరు పట్టీ. రాత్రికి రాత్రి జొన్నచేను తొక్కేస్తే ఆ ఇంట్లో ఏడాది తిండి పోయినట్టే. ఇది చెప్పకుండా ఏనుగు ముద్దొస్తుందని మాత్రమే పిల్లలకి చెప్తే సగం పాఠమే చెప్పినట్టు.

మీ నైరోబీలో నాకంటే నీకే వీలెక్కువ. వైల్డ్‌లైఫ్ క్లబ్స్ ఆఫ్ కెన్యా అని 1968లో అక్కడి విద్యార్థులే మొదలుపెట్టిన సంస్థ ఉంది, బడుల్లో క్లబ్బులు నడుపుతుంది. దగ్గర్లోని ఏదైనా బడి క్లబ్బులో మీవాణ్ణి కూర్చోనిస్తారేమో వెళ్ళి అడుగు. స్వాహిలి ట్యూషన్ పెట్టించు, అదీ తోటి పిల్లలున్న చోట. సింహం ఫోటో ఒక వారం తీయకపోయినా ఏం కాదు, ఆ శనివారం బంతి పట్టుకుని కిందికి దిగండి, నువ్వు కూడా.

ప్రశ్న: జాంబియాలోని లివింగ్‌స్టన్‌కి వెళ్తున్నాం. పాముల భయం. ఇండియా నుంచి విరుగుడు ఇంజెక్షన్ తెచ్చుకుంటే మంచిదని ఎవరో అన్నారు. నిజమేనా? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: వద్దు, డబ్బు దండగ. మన దేశంలో తయారయ్యే మామూలు విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి కోసం. ఇక్కడి మాంబాలకి, పఫ్ యాడర్‌కి అది పనికిరాదు. ఇక్కడ వాడేది దక్షిణాఫ్రికాలో తయారవుతుంది, బూమ్‌స్లాంగ్ అనే చెట్టుపాముకయితే మళ్ళీ విడిగా ఇంకోటి. అసలు విరుగుడు ఇంట్లో ఇచ్చుకునేది కాదు, ఒళ్ళు తట్టుకోక ప్రాణం మీదికి రావచ్చు, ఆసుపత్రిలోనే ఇవ్వాలి. కాబట్టి దిగిన మొదటి వారమే ఏ ఆసుపత్రిలో విరుగుడు ఉంటుందో, ఎంత దూరమో అడిగి నంబరు తలుపు వెనక రాసి పెట్టుకోండి.

పఫ్ యాడర్ ఒక్కటి పిల్లలకి బాగా చెప్పాలి. మిగతా పాములు మన అలికిడికి జారుకుంటాయి, ఇది కదలదు. బాట మీద ఎండుటాకుల రంగులో లావుగా పడుకుని ఉంటుంది, దాని ధైర్యమంతా తను కనబడనన్నదే. అందుకని చూసి అడుగెయ్యడం, మోకాలు దాకా వచ్చే గడ్డిలో తిరగకపోవడం, బూట్లు. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏవీ వద్దు. ఆ చెయ్యో కాలో కదలనివ్వకుండా తిన్నగా ఆసుపత్రికే. ఉమ్మే నాగు విషం కంట్లో చిమ్మితే రుద్దకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడుగుతూనే డాక్టరు దగ్గరికి.

పాము కంటే మీకు ఎక్కువ పనికొచ్చే మాట ఇది: మలేరియా మాత్రల గురించి బయల్దేరే ముందే డాక్టరుని అడగండి, పిల్లలకి బరువును బట్టి ఇస్తారు. సెలవులకి విజయవాడ వచ్చాక పిల్లలకి జ్వరం వస్తే, అది వారాల తర్వాతైనా సరే, ఏదో వైరల్ అని పారాసెటమాల్ వేసి ఊరుకోకుండా 'మేం జాంబియా నుంచి వచ్చాం' అని మొదటి మాటగా చెప్పి రక్తపరీక్ష చేయించండి. ఇక్కడి మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, పిల్లల్లో చూస్తుండగానే ముదిరిపోతుంది.

ప్రశ్న: అమ్మా, మీరు ఏనుగుల మధ్యే ఉంటారుగా. ఈసారి వచ్చేటప్పుడు రెండు ఏనుగు వెంట్రుకలు తెస్తారా? ఉంగరం చేయించుకుంటే పీడకలలు రావంటారు. (రాజమహేంద్రవరం)

జవాబు: తేనండీ. దంతం, కొమ్ము, తోలు, వెంట్రుక ఏదీ తేను, బజార్లో గాజు చేసి అమ్మినా కొనను, మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, విమానాశ్రయంలో పట్టుకుంటే పీడకల కాదు నిజంగానే పీడ. మా పిల్లలకి కూడా ఇదే రూలు, దొరికిన ఈక అయినా చూసి, బొమ్మ గీసుకుని అక్కడే పెట్టేయాలి. కావాలంటే మా పాప గీసిన ఏనుగు తోక బొమ్మ పంపిస్తాను, వెంట్రుకలు లెక్కపెట్టి మరీ గీసింది.